రొట్టెను శంకించిన వైద్యుడు - విలెం కారెల్ డికె

ఆకలితో గుమ్మం ముందుకు వచ్చినవారికి ఇంత పెట్టి పంపడం మన ఇళ్ళలో తరతరాలుగా వస్తున్న ఆచారం. పెట్టిన చేతిని లోకం కొనియాడుతుంది. అయితే బిడ్డ చేతిలోని రొట్టెముక్కను తీసివేయమని తల్లికి చెప్పి, ఆ ఒక్క మాటతో ఎందరో పసివాళ్ళ ప్రాణాలు నిలిపిన వైద్యుడొకడు ఇరవయ్యో శతాబ్దంలో ఉన్నాడు. ఆయన పేరు విలెం కారెల్ డికె. దేశం హాలెండు. పూర్వం మచిలీపట్నంలోను, భీమునిపట్నంలోను వర్తకం చేసి మన పెద్దల నోట వలందులు అనిపించుకొన్న డచ్చివారి దేశమే అది. పాశ్చర్, ఫ్లెమింగ్ మొదలైన మహనీయుల జీవితాలు మన విద్యార్థులు చిన్న తరగతుల నుండే చదువుకొంటున్నారు. డికె పేరు జీర్ణకోశ వైద్యులకు సుపరిచితమే గాని మన పాఠ్యపుస్తకాల గడప దాటి లోపలికి రాలేదు. ఆయనను పరిచయం చేయవలెనన్న కోరిక మాకు కలగడానికి మా కుటుంబంలో జరిగిన ఒక సంగతి కారణం. దానిని సందర్భం వచ్చినప్పుడు చెబుతాము.

ముందుగా వ్యాధిని గురించి నాలుగు మాటలు చెప్పుకోవాలి. గోధుమపిండిని ముద్దగా కలిపి సన్నని నీటిధార కింద పిసుకుతూ పోతే పిండిపదార్థమంతా పాలవలె కొట్టుకొనిపోయి, చివరకు చేతిలో సాగే జిగురుముద్ద ఒకటి మిగులుతుంది. దానినే గ్లూటెన్ అంటారు. రుమాలీ రొట్టె చిరగకుండా అంత పల్చగా సాగడానికీ, బ్రెడ్డు దూదివలె పొంగడానికీ కారణం అదే. గోధుమలోని ఈ మాంసకృత్తు, దానికి దగ్గరి చుట్టాలైన బార్లీ, రై ధాన్యాలలోని మాంసకృత్తులు కొందరి శరీరానికి సరిపడవు. పుట్టుకతో కొన్ని జన్యువులు సంక్రమించిన వారిలో, గ్లూటెన్ కడుపులో పడినప్పుడు వ్యాధినిరోధక వ్యవస్థ తన పర భేదం మరచి సొంత చిన్నపేగు మీదనే యుద్ధం ప్రకటిస్తుంది. చిన్నపేగు లోపలిగోడకు మఖమలు గుడ్డకు నూగు ఉన్నట్లు ఆంత్రచూషకాలు ఉంటాయి. తిన్న అన్నంలోని సారాన్ని పీల్చి రక్తానికి అందించేవి అవే. ఈ యుద్ధంలో అవి అరిగిపోయి గోడ నున్నబడుతుంది. అటుపైన ఎంత తిన్నా ఒంటికి పట్టదు.

వ్యాధి కొత్తది కాదు. క్రీస్తుశకం రెండవ శతాబ్దంలోనే కపడోషియా ప్రాంతపు అరెటేయస్ అనే గ్రీకు వైద్యుడు ఇటువంటి రోగులను వర్ణించాడు. గ్రీకు భాషలో పొట్టకు ఉన్న పేరు నుండే సీలియాక్ అనే మాట పుట్టింది. ఆధునిక కాలంలో దీనిని స్పష్టంగా గుర్తించినవాడు లండన్ వైద్యుడు శామ్యూల్ గీ. 1887లో ఆయన చేసిన ఉపన్యాసంలో ఈ పిల్లల రూపం కళ్ళకు కట్టినట్లుంటుంది. ఉబ్బిన పొట్ట, పుల్లల వంటి చేతులు కాళ్ళు, పాలిపోయిన ముఖం, తగ్గని విరేచనాలు, ఎదగని శరీరం. ఈ వ్యాధి నయమయ్యేదే అయితే అది ఆహారం వల్లనే కావాలన్న గొప్ప ఊహ కూడా గీకి తట్టింది. ఆయన చూసిన ఒక బిడ్డ, హాలెండు నుండి వచ్చిన మేలైన ఆల్చిప్పలను రోజుకు లీటరుకు మించి తింటూ ఆశ్చర్యకరంగా కోలుకొన్నదట. ఆల్చిప్పల కాలం ముగియగానే మళ్ళీ మంచం పట్టింది. మరుసటి ఏడు ఆ వైద్యం కొనసాగించడానికి బిడ్డ ఒప్పుకోలేదు. ఇంత దగ్గరకు వచ్చిన గీ, పథ్యం చెప్పే చోట మాత్రం బియ్యాన్ని నిషేధించి, పల్చగా కోసి రెండువైపులా బాగా కాల్చిన రొట్టెను అనుమతించాడు. అమృతాన్ని వద్దని విషాన్ని పెట్టినట్లయింది. ఆయనను తప్పు పట్టడానికి మాకు మనసొప్పదు. రొట్టెను శంకించడం ఐరోపావారికి అంత సులభం కాదు. అన్నం విషమని మనకెవరైనా చెబితే మనం మాత్రం నమ్ముతామా?

తరువాత 1924లో అమెరికాలో సిడ్నీ హాస్ అనే శిశువైద్యుడు అరటిపండ్ల పథ్యాన్ని ప్రవేశపెట్టాడు. ఆయన పిల్లలు కోలుకొన్న మాట నిజం. కారణం అరటిపండులో ఏదో మహిమ ఉన్నదని ఆయన నమ్మకం. అరటిపండ్లు తింటున్నన్నాళ్ళు ఆ పిల్లలు రొట్టె తినలేదన్నదే అసలు రహస్యం. ఇక ఆ పథ్యమైనా అందనివారి గతి దయనీయం. లండన్‌లోని ఒక ప్రసిద్ధ శిశువైద్యశాల నుండి 1939లో వెలువడిన లెక్కల ప్రకారం 73 మంది సీలియాక్ పిల్లలలో నూటికి 30 మంది చొప్పున మరణించారు. చేతులారా తినిపిస్తూ, తినిపించిన కొద్దీ బిడ్డ చిక్కిపోవడం చూస్తూ, తమ పోషణలో ఏ లోపమున్నదో తెలియక ఆ తల్లిదండ్రులు ఎంత కుమిలిపోయి ఉంటారో పాఠకులే ఊహించగలరు.

డికె 1905లో డోర్డ్రెక్ట్ పట్టణంలో జన్మించాడు. పెరిగింది లైడెన్ సమీపంలోని ఒక చిన్న ఊరిలో. 1922 నుండి 1929 వరకు లైడెన్‌లోనే వైద్యవిద్య చదివి, తరువాత హేగ్ నగరంలోని యూలియానా శిశువైద్యశాలలో 1933 వరకు శిశువైద్యంలో ప్రత్యేక శిక్షణ పొందాడు. 1936లో, 31 సంవత్సరాల వయసులోనే, అదే వైద్యశాలకు డైరెక్టరైనాడు. మనకు కావలసింది పదవుల పట్టిక కాదు గనుక ఇంతటితో విడిచి అసలు విషయానికి వస్తాము.

ఆ వైద్యశాలలో సీలియాక్ పిల్లలు ఉండేవారు. వైద్యులకు తెలిసిన చికిత్స అంతంత మాత్రం. ఆ రోజుల్లోనే ఒక యువతి తన బిడ్డను గురించి ఒక సంగతి చెప్పిందనీ, అదే డికె దృష్టిని గోధుమ వైపు తిప్పిందనీ ఆయన సహచరుడు వైయర్స్ తరువాతి కాలంలో జ్ఞాపకం చేసుకొన్నాడు. ఆమె చెప్పిన సంగతి చాలా చిన్నది. ఆహారంలో నుండి రొట్టెను తీసివేసినప్పుడు బిడ్డ ఒంటిమీది దద్దురు త్వరగా తగ్గుముఖం పట్టిందట. అంతే. ఆ తల్లి పేరు చరిత్రలో నిలవలేదు. ఆమె ఏ సిద్ధాంతమూ చెప్పలేదు, ఏ గ్రంథమూ చదివి ఉండదు. పొయ్యి దగ్గర నిలబడి బిడ్డ ఏ రోజు ఏమి తిన్నదో, ఏ రోజు ఎట్లా ఉన్నదో చూసుకొన్న మనిషి. అటువంటి మాటలు వైద్యశాలల్లో రోజుకు పది వినబడతాయి. వినేవారికి నవ్వు వస్తుంది, లేదా విసుగు వస్తుంది. డికెకు రెండూ రాలేదు. ఆయన గొప్పతనమంతా ఇక్కడే ఉన్నదని మా అభిప్రాయం. తరువాత చేసిన పరిశోధన ఎంత గొప్పదైనా, ఆ తల్లి మాట వినకపోతే దానికి పునాది లేదు.

మా సంగతి చెప్పవలసిన చోటు ఇదే. మా ఆపా కాపురం దుల్హాభాయ్ ఉద్యోగరీత్యా ఢిల్లీలో. అక్కడ ఇంటి తిండి రెండుపూటలా గోధుమ రొట్టె. ఆమె పెద్దబిడ్డ నాలుగేళ్ళ వయసు నుండి ఎదగడం మానివేసింది. ముఖం పాలిపోయింది. పొట్ట ఎప్పుడూ ఉబ్బి ఉండేది. రక్తహీనత అన్నారు, నులిపురుగులు అన్నారు, ఇనుము మందు సీసాల మీద సీసాలు తాగించారు. సెలవులకు మా ఇంటికి వచ్చి నెలరోజులు అన్నం తిన్నప్పుడు బిడ్డ కాస్త తేరుకొంటున్నదనీ, తిరిగి వెళ్ళి రొట్టె మొదలుపెట్టగానే మొదటికి వస్తున్నదనీ ఆపా గమనించి ఒక వైద్యునికి చెప్పింది. బిడ్డకు తిండి దగ్గర మారాం ఎక్కువనీ, తల్లి భయం అంతకంటె ఎక్కువనీ ఆయన తేల్చివేశాడు. ఆ తరువాత రెండేళ్ళు వృథా అయ్యాయి. ఆపా ఆ మాట మళ్ళీ ఎవరికీ చెప్పలేదు. తనదే భ్రమ అనుకొన్నది. చివరకు వేరొక వైద్యురాలు రక్తపరీక్ష, ఆపైన పేగు నుండి చిన్న ముక్క తీసి చేసే పరీక్ష చేయించి సీలియాక్ వ్యాధి అని నిర్ధారణ చేసింది. ఆమే మాటల సందర్భంలో డికె పేరు ఆపాకు చెప్పినది. ఆపా ద్వారా ఆ పేరు మాకు తెలిసింది.

హేగ్‌కు తిరిగి వెళదాము. 1934, 1936 సంవత్సరాల మధ్య డికె గోధుమలేని ఆహారంతో పరీక్షలు ఆరంభించాడు. ఫలితాలు ఆయన శంకను బలపరచాయి. ఇంతలో రెండవ ప్రపంచయుద్ధం వచ్చింది. 1940 మే నెలలో జర్మన్ సేనలు హాలెండును ఆక్రమించాయి. అరటిపండ్లు దిగుమతి కావు, ఇతర పండ్లూ దొరకవు, సరుకులన్నీ రేషను మీదనే. అప్పటివరకు గ్రంథాలు మెచ్చుకొన్న పథ్యాలు ఏవీ సాధ్యం కాని పరిస్థితి. 1941లో డికె డచ్చి వైద్యపత్రికలో ఒక చిన్న వ్యాసం ప్రకటించి, సామాన్య కుటుంబానికి అందుబాటులో ఉండే తేలిక పథ్యాన్ని సూచించాడు. రొట్టె వద్దు, రస్కులు వద్దు. వేడి భోజనం రోజుకు రెండుసార్లు పెట్టవచ్చు. మూడవ పూటకు గోధుమపిండి కలపని జావ. ఇంతే ఆ పథ్యం. దానిలో కొనలేని వస్తువు లేదు, వండలేని వంట లేదు. యుద్ధకాలపు వంటింట్లో ఏమి దొరుకుతుందో, ఏమి దొరకదో తెలిసి రాసిన పథ్యం అది.

1944 సెప్టెంబరులో మిత్రరాజ్యాల సేనలకు తోడ్పాటుగా డచ్చి రైల్వే కార్మికులు సమ్మె చేశారు. ప్రతీకారంగా జర్మన్లు పశ్చిమ హాలెండుకు ఆహార రవాణాను ఆపివేశారు. ఆ నిషేధాన్ని కొంత సడలించేనాటికి కాలువలు గడ్డకట్టి పడవలు నిలిచిపోయాయి. హేగ్, ఆమ్‌స్టర్‌డామ్, రోటర్‌డామ్ వంటి నగరాలు ఆకలితో మలమల మాడాయి. జనం బీటు దుంపలు తిన్నారు. తోటల్లో పువ్వుల కోసం దాచుకొన్న ట్యులిప్ దుంపలను ఉడికించుకొని తిన్నారు. ఆ చలికాలంలో 20,000 మందికి పైగా మరణించారని చరిత్రకారుల అంచనా. చరిత్రలో అది ఆకలి చలికాలంగా నిలిచిపోయింది. కరువు అన్న మాటకు మన దేశంలో వివరణ అవసరం లేదు. దాదాపు అదే కాలంలో, 1943లో, బెంగాలు అనుభవించినది అంతకు ఎన్నో రెట్లు ఘోరమైనది.

ఇటువంటి రోజుల్లో యూలియానా వైద్యశాలలో ఒక వింత కనిపించింది. ఊరంతా చిక్కిపోతుండగా సీలియాక్ పిల్లల పరిస్థితి చెడలేదు, పైగా మెరుగుపడింది. వారి పాత్రలో రొట్టె లేదు. స్వీడన్ దేశం దయతో పంపిన పిండి ఓడలలో 1945 ఆరంభంలో వచ్చింది. దానితో కాల్చిన తెల్లని రొట్టెను డచ్చి ప్రజలు కళ్ళకద్దుకొని తిన్నారు. ఆ రొట్టెను రుచి చూసిన సీలియాక్ పిల్లలు మాత్రం మళ్ళీ జబ్బుపడ్డారు.

ఈ ఘట్టాన్ని చెప్పేవారు చాలామంది, కరువే డికెకు కన్ను తెరిపించినదన్నట్లు చెబుతారు. విమానాల నుండి రొట్టెలు జారవిడవడం, వాటిని తిని పిల్లలు కూలిపోవడం, వైద్యుడు ఉలిక్కిపడడం, ఇదంతా నాటకీయంగా ఉంటుంది. కథ రంజుగా ఉన్నదే గాని కాలక్రమం ఒప్పుకోదు. పరీక్షలు మొదలైనది కరువుకు పదేళ్ళ ముందు. పథ్యం అచ్చయినది మూడేళ్ళ ముందు. కరువు ఆయన చేతికి ఇచ్చినది, ఏ వైద్యుడూ కావాలని కోరుకోరాని సాక్ష్యం మాత్రమే. ఆకస్మికంగా తట్టిన ఊహల కథలంటే మనకు మోజు. ఒక తల్లి మాటను పదేళ్ళు విడవకుండా పట్టుకొన్నవాని కథలో మెరుపులు ఉండవు గదా!

యుద్ధానంతరం ఆయన ముందున్న సమస్య, తనకు తెలిసినదానిని ఇతరులకు నిరూపించడం. పిల్లలు కోలుకొన్నారని చెబితే లోకం ఒప్పుకోదు. అరటిపండు వైద్యంలోనూ కోలుకొన్నారు, ఆల్చిప్పల వైద్యంలోనూ కోలుకొన్నారు. ఇక్కడ యూట్రెక్ట్ నగరంలోని రసాయనవేత్త వాన్ డి కామర్, శిశువైద్యుడు వైయర్స్ ఆయనకు తోడైనారు. మలంలో ఎంత కొవ్వు వృథాగా పోతున్నదో కచ్చితంగా కొలిచే పద్ధతిని వాన్ డి కామర్ రూపొందించాడు. పేగు సరిగా పీల్చుకొంటే కొవ్వు తక్కువగా, పీల్చుకోకుంటే ఎక్కువగా బయటికి పోతుంది. ఈ కొలమానం చేతిలో పెట్టుకొని, కోలుకొన్న పిల్లల ఆహారంలో ఒక్కొక్క ధాన్యాన్నే ప్రవేశపెట్టి, ఆకలి, బరువు, ఎదుగుదల, కొవ్వు నష్టం దీర్ఘకాలం గమనిస్తూ పోయారు. గోధుమ ఇచ్చినప్పుడు కొవ్వు నష్టం పెరిగింది. రై ఇచ్చినప్పుడూ పెరిగింది. బియ్యం, మొక్కజొన్న ఇచ్చినప్పుడు పెరగలేదు. మరింత విచిత్రమేమంటే, గోధుమలో నుండి జిగురును తొలగించి, మిగిలిన తెల్లని పిండిపదార్థాన్ని ఇచ్చినా హాని కలగలేదు. దోషం పిండిలో లేదు, జిగురులో ఉన్నది.

బాగుపడిన బిడ్డకు తెలిసి తెలిసి గోధుమ పెట్టి మళ్ళీ జబ్బు తెప్పించడం చదివేటప్పుడు మా మనసు కలుక్కుమన్న మాట దాచము. ఆ పరీక్షలు లేకుంటే రొట్టె దోషం ఎన్నటికీ నిరూపణ అయ్యేది కాదన్నదీ నిజమే. ఈ రెండింటినీ ఒకే తూకంలో పెట్టే సామర్థ్యం మాకు లేదు. ఆ పరీక్షల భారం మోసినవారు ఆ పిల్లలు, వారి ఇళ్ళవారు అన్నది మాత్రం మరువరానిది.

1950లో డికె యూట్రెక్ట్ విశ్వవిద్యాలయానికి సమర్పించిన సిద్ధాంత గ్రంథంలో ఈ ఫలితాలు వెలువడ్డాయి. గ్రంథం డచ్చి భాషలో ఉండడం వలన బయటి ప్రపంచం వెంటనే అందుకోలేకపోయింది. మాతృభాషలో శాస్త్రం రాసేవారికి ఈ ఇబ్బంది ఎన్నడూ తప్పదు కాబోలు! 1952లో ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో షార్లెట్ ఆండర్సన్, ఆమె సహచరులు ఇవే ఫలితాలను సాధించి ధ్రువపరచారు. 1953లో డికె బృందం గోధుమ జిగురులోని గ్లయడిన్ అనే భాగమే హానికరమని చూపే వ్యాసాలు ప్రకటించింది. 1950ల నడుమ పేగు ముక్కను సూక్ష్మదర్శిని కింద పరీక్షించడం సాధ్యమై, అరిగిపోయిన ఆంత్రచూషకాలు కంటికి కనిపించాయి. డికె తన జాబితాలో ఓట్స్‌ను కూడా చేర్చాడు. ఇతర ధాన్యాలు కలవని శుద్ధమైన ఓట్స్ ఎక్కువమందికి పడతాయని తరువాత తెలిసింది. ఆయన లెక్కలో దిద్దుబాటు కావలసి వచ్చిన చోటు అది.

1957లో డికె యూట్రెక్ట్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడుగాను, అక్కడి విల్హెల్మినా శిశువైద్యశాలకు డైరెక్టరుగాను నియమితుడైనాడు. అయితే ఆరోగ్యం ఆయనకు సహకరించలేదు. చాలాకాలం అనారోగ్యంతో ఉండి 1962లో, 57 సంవత్సరాల వయసులో మరణించాడు. నెదర్లాండ్స్ జీర్ణకోశ వైద్యుల సంఘం ఆయన పేరిట ఒక బంగారు పతకాన్ని నెలకొల్పి, మొదటి పతకాన్ని ఆయనకే బహూకరించింది. ఈ వ్యాధిలో శరీరం దేని మీద దాడి చేస్తున్నదో 1997లో జర్మనీ శాస్త్రజ్ఞులు కనుగొన్నారు. ఈనాడు రక్తపరీక్షతోనే వ్యాధిని శంకించగలుగుతున్నాము. ఇన్ని వచ్చినా ఈ వాక్యాలు రాస్తున్న నాటికి చికిత్స మాత్రం డికె చెప్పినదే. గ్లూటెన్ లేని ఆహారం, జీవితాంతం. మందుల దుకాణంలో దొరికేది ఏదీ దానికి బదులు రాలేదు.

మందు వంటింట్లో ఉన్నప్పుడు వైద్యుడు ఎవరు? ఇంటివారే. ఆపా ఇంటిని చూసిన తరువాత ఈ మాట మాకు బాగా తెలిసివచ్చింది. గోధుమరొట్టె మానివేయడం తేలిక. ఇంగువలో గోధుమపిండి కలుపుతారని ఎవరికి తెలుసు? బొంబాయి రవ్వ, సేమియా, మైదా, బార్లీ మాల్టుతో చేసిన బలవర్ధక పానీయాలు, సోయా సాసు, వీటన్నిటిలో గ్లూటెన్ పొంచి ఉంటుంది. పూరీలు వేయించిన నూనెలో అప్పడం వేయించరాదు. చపాతీపీట, అప్పడాల కర్ర, జల్లెడ వేరుగా ఉండాలి. జొన్నరొట్టె మంచిదే గాని, గిర్నీలో గోధుమలు ఆడిన వెంటనే జొన్నలు పోస్తే రాళ్ళ మధ్య చిక్కిన గోధుమపిండి దానితో కలిసి వస్తుంది. దుల్హాభాయ్ తెల్లవారగానే గిర్నీకి వెళ్ళి, ముందు రోజు అతడు శుభ్రం చేసి ఉంచినదీ లేనిదీ చూసుకొని, ఒక శేరు బియ్యం ఆడించి ఆ పిండిని వదిలివేసి, అప్పుడు తమ జొన్నలు పోయించేవాడు. గిర్నీవాడు మొదట్లో వింతగా చూశాడట. కొన్నాళ్ళకు తానే ముందుగా రాళ్ళు దులిపి ఉంచడం మొదలుపెట్టాడు. చివరకు వారు ఇంట్లోనే చిన్న పిండి యంత్రం కొనుక్కొన్నారు. పొట్లాల మీద గ్లూటెన్ రహితమని అచ్చు వేయడానికి మన దేశపు నిబంధన కిలోకు 20 మిల్లీగ్రాములకు మించరాదన్నది. వంటింటి లెక్కలో అది రొట్టె పొడి రాలినంత కూడా కాదు.

ఇది ఒక్కరి వ్యాధి కాదు, రక్తసంబంధంలో నడిచేది. తల్లిదండ్రులు, తోబుట్టువులు, సంతానం, ఈ దగ్గరివారిలో సుమారు పదిమందికి ఒకరిలో ఇది బయటపడుతుంది. వైద్యురాలి సలహా మీద ఇంటిల్లిపాదీ రక్తపరీక్ష చేయించుకొన్నారు. ఒక్క రోజైనా జబ్బుపడి ఎరుగని ఆపా చిన్నకొడుకులో వ్యాధి ఉన్నట్లు తేలింది. బలంగా, చలాకీగా ఉన్న పిల్లవానిని పథ్యానికి ఒప్పించడం జబ్బుపడిన పిల్లను ఒప్పించడం కంటె ఎంతో కష్టమైనది. తనకేమీ లేదు గదా అని వాడు బడిలో స్నేహితుల డబ్బాల్లోని పరాఠా తిని వచ్చేవాడు. ఆపా కొట్టలేదు, తిట్టలేదు. కొన్నాళ్ళకు అక్కే వానిని కూర్చోబెట్టుకొని తన చిన్ననాటి కడుపునొప్పిని గురించి చెప్పింది. ఇక్కడ పాఠకులకు ఒక హెచ్చరిక అవసరం. అనుమానం రాగానే పరీక్షకు ముందే గోధుమ మానిపిస్తే రక్తంలోని గుర్తులు తగ్గి పరీక్ష తప్పుగా రావచ్చు. పరీక్ష అయ్యేవరకు మామూలు తిండే తినాలి.

ఉత్తరాదిన ఈ వ్యాధిని సూచించే ప్రతిరక్షకాలు నూటికి ఒకరికి పైగా ఉండగా, దక్షిణాదిన వెయ్యికి ఒకరిలో మాత్రమే ఉన్నట్లు 2016లో వెలువడిన ఒక పరిశీలన తెలిపింది. జన్యువులలో పెద్ద తేడా కనిపించలేదు. తేడా కంచంలో ఉన్నది. అన్నం, జొన్న, రాగి, సజ్జ, కొర్ర తిన్నవారికి ఈ వ్యాధి తలెత్తే అవకాశం తక్కువ. అందువల్లనే మన వైపు దీని పేరు వినబడదు. పేరు వినబడనందువల్లనే ఉన్న కొద్దిమందినీ గుర్తించడం ఆలస్యమవుతుంది. బేకరీలు వీధివీధినా వెలిసిన ఈ కాలంలో మన పిల్లల కంచం కూడా వెనుకటి కంచం కాదు.

తిండి కంటె కఠినమైనవి బంధువుల మాటలు. ఒక్క ముద్దకు ఏమవుతుంది అనేవారు ప్రతి ఇంటా ఉంటారు, ప్రేమతోనే అంటారు. మా అమ్మీ కూడా అన్నది. రంజాన్ మాసంలో హలీం వండని ఇల్లు మా వీధిలో లేదు, అది ఉడికేదే గోధుమతో. మొదటి ఏడు పండుగకు పిల్లలు వచ్చినప్పుడు అమ్మీ చేసిన షీర్ ఖుర్మా గిన్నెలు అందరి ముందుకూ వచ్చాయి. ఆపా కూతురు ముందు మాత్రం పాలు, ఖర్జూరాలు వేరే గిన్నెలో వచ్చాయి. అది తలవంచుకొని తిన్నది. ఎవరూ ఏమీ అనలేదు. అమ్మీ ఆ మధ్యాహ్నం భోజనం చేయలేదు. ఆ రాత్రి మేము ఆమె దగ్గర కూర్చొని హేగ్ నగరపు వైద్యుని కథ, ఆ పేరు తెలియని తల్లి కథ, స్వీడన్ రొట్టె కథ చెప్పాము. అమ్మీ చదువుకొన్నది తక్కువ. అంతా విని, ఆ తల్లి తరువాత ఏమైందని అడిగింది. మా దగ్గర సమాధానం లేకపోయింది.

మరుసటి ఏడు పండుగకు పదిరోజుల ముందు నుండే అమ్మీ ఇల్లంతా కడిగించింది. గోధుమపిండి డబ్బా, రవ్వ డబ్బా పొరుగింటికి వెళ్ళాయి. బియ్యపు సేమియా తెప్పించి రెండుసార్లు చేసి చూసింది. అది పాలలో తొందరగా మెత్తబడి ముద్ద అవుతుంది. అందుకని పాలు చిక్కగా మరిగించి దించిన తరువాత, వడ్డించబోయే ముందు మాత్రమే వేయాలని కనిపెట్టింది. నమాజు ముగించుకొని వచ్చినవారు తొమ్మిదిమంది. ఈ ఏడు ఖుర్మా రుచి కొంచెం వేరుగా ఉన్నదని మా చాచా అన్నాడు. అమ్మీ సమాధానం చెప్పకుండా పెద్ద గిన్నెలో నుండి ఒకే గరిటెతో అందరికీ వరుసగా వడ్డించుకుంటూ పోయి, మనుమరాలి గిన్నె కూడా అదే గరిటెతో నింపింది.